పాత ఎం.జి.బి. కారులో హీటర్: మార్చే ముందు చూసుకోవలసినవి



కోయంబత్తూరు నుంచి కారు హీటర్ గురించి వ్యాసమేమిటని నవ్వుకునేవారు ఉంటారు. ఏప్రిల్ నెలలో మన ఊళ్ళో ఎండలో నిలిపిన కారెక్కితే సీటే హీటర్. అయితే మన సంఘం కుటుంబాల పిల్లలు చాలామంది ఇప్పుడు ఇంగ్లండులో ఉన్నారు, వారిలో కొందరికి పాత కార్ల పిచ్చి పట్టింది. మా అల్లుడు గారికీ పట్టింది. ఆయన దగ్గర 1972 నాటి ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ఒకటుంది. కిందటి చలికాలం అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నప్పుడు ఆ కారు హీటర్ మీద జరిగిన పనంతా దగ్గరుండి చూశాను. గుమస్తాగా పనిచేసినవాణ్ణి కాబట్టి నోటు పుస్తకంలో వరసగా రాసుకున్నాను. ఫొటోలు సంఘం వాట్సాప్‌లో పెట్టాక ముగ్గురు నలుగురు సభ్యులు, మా అబ్బాయి కారుకీ ఇదే బాధ, ఏం చేశారో చెప్పండి అని అడిగారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా ఇక్కడ రాస్తే అందరికీ ఉంటుంది.

ఎం.జి.బి. 1962 నుంచి 1980 వరకు ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో తయారైంది. అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగా చేశారు. అందుకే ఇంగ్లండులో పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవారికి ముందుగా దొరికేది ఇదే, విడిభాగాలు సులభంగా దొరికేదీ ఇదే. మొదటి సంవత్సరాల్లో దీనికి హీటర్ అదనపు డబ్బు పెట్టి వేయించుకోవలసిన వస్తువు. దాన్నిబట్టి కొందరు అది సుఖం కోసమేనని, లేకపోతే స్వెటర్ వేసుకుంటే సరిపోతుందని అంటారు. ఆ మాట తప్పు. మడిచే గుడ్డ పైకప్పు ఉన్న కారులో ఇద్దరు కూర్చుని డిసెంబరు ఉదయాన బయలుదేరితే, వాళ్ళ ఊపిరిలోని తడి చల్లని ముందు అద్దం మీద ఐదు నిమిషాల్లో పొరలా పేరుకుంటుంది. వైపర్ ఉండేది బయట, మంచు పట్టేది లోపల. గుడ్డతో తుడుస్తూ ఒంటిచేత్తో నడపడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. హీటర్ నుంచి వెచ్చని పొడిగాలి ఆ అద్దానికి తగిలితేనే పొర విడిపోతుంది.

ఇంకో సంగతి. ఇంగ్లండులో నలభై ఏళ్ళు దాటిన కార్లలో పెద్ద మార్పులు చేయనివాటికి 2018 నుంచి ఏటేటా జరిగే ఎం.ఓ.టి. పరీక్ష తప్పనిసరి కాదు. అంటే ఈ కార్లను ఏడాదికోసారి చూసే మూడో మనిషి లేడు. అద్దం కనబడేటట్టు ఉంచుకునే బాధ్యత పూర్తిగా సొంతదారుదే. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళే కారు కాబట్టి నాకు దీని మీద అంత పట్టింపు.

అక్కడి గ్యారేజీ ఒకటి బానెట్ ఎత్తి అలా చూసి, హీటర్ మొత్తం మార్చాలి, కొన్ని వందల పౌండ్లవుతుంది అని చెప్పింది. అందులో సామాను వెల తక్కువ, కూలి ఎక్కువ. ఎందుకంటే ఈ కారులో హీటర్ పెట్టెను బయటికి తీయడమే అన్నిటికన్నా విసుగు పుట్టించే పని. తీరా తీసి కొత్తది పెట్టాక కూడా గాలి చల్లగానే వస్తే ఆ కూలి అంతా నీళ్ళపాలు. పెట్టె లోపల తప్పు లేకుండా బయట తప్పుండి హీటర్ పని చేయకపోవడం ఈ కార్లలో చాలా మామూలు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే: తప్పెక్కడుందో తేలేదాకా పెట్టె మీద చెయ్యి వేయకండి.

ముందు అది ఎలా పని చేస్తుందో చూద్దాం. ఇంజన్‌ను చల్లబరిచే నీరు వేడెక్కి రేడియేటర్‌కు వెళుతుంది కదా. అందులో కొంత నీటిని సిలిండర్ హెడ్ వెనుక భాగాన ఉన్న ఒక చిన్న వాల్వు గుండా హీటర్ పెట్టెలోకి పంపుతారు. ఆ పెట్టెలో అరచేతులు రెండూ చాపినంత చిన్న రేడియేటర్ ఉంటుంది. ఇంగ్లండులో దాన్ని మ్యాట్రిక్స్ అంటారు, మన మెకానిక్కులు హీటర్ కోర్ అంటారు. దాని గుండా తిరిగిన నీరు ఇంజన్ పక్కనున్న ఇనుప గొట్టం ద్వారా రేడియేటర్ కింది హోసులోకి తిరిగి చేరుతుంది. గాలి సంగతి వేరు. ముందు అద్దానికి ఎదురుగా బానెట్ వెనుక ఒక జాలీ ఉంటుంది. బయటి గాలి దాని గుండా దిగి, ఫ్యాను తోస్తే కోర్ మీదుగా వెళ్ళి వేడెక్కి, కాళ్ళ దగ్గరికి గాని అద్దం కిందికి గాని వస్తుంది. డ్యాష్‌బోర్డు మీది ఒక నాబు తీగ కేబుల్‌తో ఆ వాల్వును తెరుస్తుంది, రెండోది గాలి ఎటు పోవాలో చెప్పే రేకు తలుపును తిప్పుతుంది. వేడి చాలకపోతే తప్పు నీటి దారిలోనో గాలి దారిలోనో ఉండాలి. మూడో దారి లేదు.

అన్నిటికన్నా ముందు ఇంజనే వేడెక్కుతోందా అన్నది చూడాలి. పది మైళ్ళు నడిపినా ఉష్ణోగ్రత ముల్లు కిందనే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని బిగిసిపోయి ఉండవచ్చు, లేదా అసలు లేకపోవచ్చు. మన వైపు పాత లారీగాని కారుగాని వేడెక్కుతోందంటే మొదట థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు చాలామంది మెకానిక్కులకు ఉంది. ఆ అలవాటు మనకే ఉందనుకునేవాణ్ణి. ఇంగ్లండులోనూ వేసవిలో ఇంజన్ మరిగిందని దాన్ని తీసేసి, ఆ మాట చెప్పకుండా కారు అమ్మేవాళ్ళున్నారట. ఇవి 74, 82, 88 డిగ్రీలకు తెరుచుకునే రకాలుగా దొరుకుతాయి. చలికాలానికి 88 వేసుకుంటే హీటర్‌కు మేలు. హీటర్ మీద పైసా ఖర్చు చేయకముందు చేయవలసిన పని ఇది.

తర్వాత చేత్తో చూసే పరీక్ష. ఇంజన్ బాగా వేడెక్కాక హీటర్ నాబు పూర్తిగా తెరిచి, ఇంజన్ ఆపి, పెట్టెలోకి వెళ్ళే రబ్బరు హోసును, బయటికి వచ్చే హోసును మెల్లగా తాకాలి. పక్కనే కాలే మానిఫోల్డు ఉంటుంది, చెయ్యి జాగ్రత్త. రెండూ వేడిగా ఉంటే నీరు బాగానే తిరుగుతోంది, తప్పు గాలి దారిలో. లోపలికి వెళ్ళేది వేడిగా, వచ్చేది చల్లగా ఉంటే కోర్ చోక్ అయి ఉండాలి లేదా అందులో గాలి చిక్కుకుని ఉండాలి. రెండూ చల్లగా ఉంటే వాల్వు దగ్గర చూడాలి.

వాల్వు దగ్గర మూడు సంగతులున్నాయి. ఒకటి, కేబుల్. లోపల నాబు తిరుగుతుంది, బయట వాల్వు పిడి కదలదు, ఎందుకంటే తీగను బిగించిన మర వదులై జారిపోతుంది. ఒకరు లోపల నాబు తిప్పుతుంటే ఇంకొకరు బానెట్ కింద చూడాలి. ఒక్కరివల్ల కాదు. మా వాళ్ళింట్లో ఈ పరీక్షకు నన్నే లోపల కూర్చోబెట్టారు, అంత ఎత్తు తక్కువ సీటులోంచి లేవడం అరవై దాటినవాడికి ఒక వ్యాయామం. రెండోది వాల్వే. లోపలి రబ్బరు పాడై పూర్తిగా తెరుచుకోదు, లేదా పిడి మొదట్లో నీరు చెమ్మగా కారుతుంది. దీన్ని బాగుచేయడం కంటే కొత్తది వేయడమే నయం, వెల తక్కువ. హెడ్‌కూ దానికీ మధ్య ప్యాకింగ్ కూడా కొత్తది వేయాలి. మూడోది చాలామంది చూడనిది. వాల్వు ఊడదీసినప్పుడు దాని వెనుక హెడ్‌లో ఉన్న రంధ్రం కనబడుతుంది. యాభై ఏళ్ళ తుప్పు, మడ్డి ఆ రంధ్రంలో గట్టిపడి మూసుకుపోతాయి. మా అల్లుడు గారి కారులో తేలింది ఇదే. వంకర తీగతో గెలికితే కాఫీ డికాక్షన్ పిప్పిలాంటిది చారెడు వచ్చింది. కొత్త హీటర్ కొని పెట్టి ఉంటే ఆ పిప్పి అక్కడే ఉండేది, గాలి చల్లగానే వచ్చేది.

ఆ పిప్పి కొంత కోర్‌లోకి కూడా పోయి ఉంటుంది. అందుకని రెండు హోసులూ ఊడదీసి, తోట గొట్టంతో నీటిని మామూలుగా వచ్చే దిక్కుకు ఎదురుగా, అంటే బయటికి వచ్చే మూతి నుంచి లోపలికి పంపాలి. తర్వాత అటు నుంచి ఇటు. స్వచ్ఛమైన నీరు వచ్చేదాకా రెండు వైపులా మార్చి మార్చి చేయాలి. కుళాయి పూర్తిగా తిప్పకండి. ఈ పాత కోర్‌లు తక్కువ ఒత్తిడికి చేసినవి, టంకం అతుకులు ముసలివి. బలంగా నీరు కొడితే మంచి కోర్ కూడా పగిలి, ఆ పెట్టె తీయక తప్పని స్థితి మనమే తెచ్చుకున్నవాళ్ళమవుతాం. హోసులు ఉబ్బినా, నొక్కితే గట్టిగా చిట్లినట్టున్నా ఈ పనిలోనే మార్చేయాలి. అర అంగుళం హోసు మీటరు కొంటే మిగులుతుంది. జూబ్లీ క్లిప్పులు హోసులో దిగబడేటట్టు బిగించకూడదు.

తిరిగి నీరు పోసేటప్పుడు గాలి చిక్కుకోవడం ఇంకో తలనొప్పి. హీటర్ ఎత్తులో ఉంటుంది కాబట్టి గాలి అక్కడే మేడ మీద అద్దెకున్నవాడిలా దిగనంటుంది. వాల్వు తెరిచి ఉంచి, తిరిగి వచ్చే హోసును ఇనుప గొట్టం దగ్గర వదులు చేసి, రేడియేటర్‌లో మెల్లగా పోస్తూ ఆ వదులు చేసిన చోట నీరు నిండుగా కారేదాకా ఆగి, అప్పుడు బిగించాలి. తర్వాత ఇంజన్ నడిపి, చల్లారాక మళ్ళీ మట్టం చూడాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదని మన ఊళ్ళో లారీ క్లీనరు కుర్రాడికి కూడా తెలుసు, అయినా రాయడం నా ధర్మం.

పోసేది ఉత్త నీరు కాకూడదు. అక్కడి చలికి నీరు గడ్డకట్టి ఇంజన్ బ్లాకునే చీలుస్తుంది. యాంటీఫ్రీజ్ సగం, నీరు సగం కలిపితే సున్నకు ముప్పై డిగ్రీలు దిగువన కూడా గడ్డకట్టదు, తుప్పునూ ఆపుతుంది. డబ్బా రంగు చూసి కొనవద్దు, పాత కార్లకు, ఇత్తడి రాగి రేడియేటర్లకు పనికొస్తుందని దాని మీద రాసి ఉండాలి. ఇంకో మాట తల్లిదండ్రులకు. చాలా యాంటీఫ్రీజ్‌లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. నేల మీద కారిన చుక్కలను పిల్లులు, కుక్కలు నాకి చచ్చిపోతాయి. తీసిన పాత నీటిని తెరిచిన బకెట్‌లో వదలకుండా మూత ఉన్న డబ్బాలో పోసి, చెత్త వేరుచేసే మున్సిపల్ కేంద్రంలో అప్పగించాలి. కాలవలో పోయకూడదు.

ఇక గాలి దారి. ఫ్యాను తిరగకపోతే మోటారు కాలిపోయిందని తేల్చేయకండి. ముందు ఫ్యూజు, దాని కొసల మీద పచ్చగా పట్టిన తుప్పు, తర్వాత తూటా ఆకారపు కనెక్టర్లు, ఎర్త్ తీగ వరసగా టెస్టు ల్యాంపుతో చూడాలి. ఈ కార్ల కరెంటు తప్పుల్లో ఎక్కువ భాగం అతుకుల దగ్గరే. కొత్త మోటారు వేస్తే తీగలు తారుమారు కాకూడదు. తారుమారైతే ఫ్యాను ఎదురు దిక్కుకు తిరుగుతుంది, చప్పుడు వస్తుంది, గాలి రాదు. 1967కి ముందటి ఎం.జి.బి.లలో బ్యాటరీ పాజిటివ్ కొస ఎర్త్ అయి ఉంటుంది, తర్వాతివాటిలో నెగెటివ్. మీ కారు ఏదో తెలుసుకుని చేయండి. బ్యాటరీ బానెట్ కింద వెతకవద్దు. 1974 దాకా ఈ కార్లలో ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు, సీట్ల వెనుక ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు వాటి తీగ ఊడదీయాలి.

ఫ్యాను తిరుగుతోంది, రెండు హోసులూ వేడిగా ఉన్నాయి, అయినా అద్దానికి గాలి రాదు. అప్పుడు డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, అద్దం వైపు వెళ్ళే గొట్టాలు ఊడిపోయాయేమో చూడాలి. రేడియో పెట్టేటప్పుడో గేజీ మార్చేటప్పుడో ఎవరో ఊడదీసి వదిలేస్తారు. అవి ఉంటే ఇక పెట్టెలోని స్పాంజి పట్టీల సంగతి. కోర్ చుట్టూ, రేకు తలుపుల అంచున ఉండే ఆ పట్టీలు ఏళ్ళు గడిచాక పొడిపొడిగా రాలిపోతాయి. అప్పుడు గాలి కోర్ గుండా కాకుండా దాని పక్క సందుల నుంచి పోతుంది. కోర్ వేడిగానే ఉంటుంది, మన చేతికి చల్లగాలే తగులుతుంది. దీనికైతే పెట్టె తీయక తప్పదు.

తీయక తప్పని రెండో కారణం కోర్ లీకు. కారులో తియ్యని వాసన, అద్దం మీద తుడిచినా పోని జిడ్డు పొర, తివాచీ తడి, రేడియేటర్‌లో నీరు తగ్గడం దాని గుర్తులు. తివాచీ తడి ఒక్కటే చూసి కోర్ మీద నేరం మోపకండి. ముందు చెప్పిన జాలీ నుంచి వాననీరు కూడా దిగుతుంది, అది పోవడానికి కింద ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. ఆకులు పడి ఆ గొట్టం మూసుకుపోతే నీరు నిలిచి, పొంగి కారులోకి వస్తుంది, నిలిచిన చోట రేకు తుప్పు తింటుంది. వేళ్ళ మధ్య రుద్దితే జిగటగా, రంగుగా ఉంటే కోర్ నీరు. ఉత్త నీరైతే వాన. ఈ చిన్న పరీక్షకు ఖర్చు లేదు.

పెట్టె తీయడం గురించి క్లుప్తంగా చెబుతాను, చేసేవారికి కారు మాన్యువల్ ఎలాగూ కావాలి. నీరు దించాలి, రేడియేటర్‌కు కింద ట్యాపు లేకపోతే కింది హోసు ఊడదీయాలి. కారు లోపల మధ్య కన్సోలు, అద్దం గొట్టాలు, తలుపు కేబుల్ విడదీయాలి. బానెట్ వైపు నుంచి హోసులు, ఫ్యాను తీగలు, అంచు మరలు. అప్పుడూ అది కదలదు, ఎందుకంటే కింద ఉన్న పాత ప్యాకింగ్ అంటుకుపోయి ఉంటుంది. ఇనుప కడ్డీతో ఎత్తితే రేకు వంగుతుంది. చుట్టూ పలచని కత్తి తిప్పి, ఇద్దరు కలిసి నిదానంగా ఊపుతూ పైకి లాగాలి. కోర్‌లో ఇంకా నీరు మిగిలి ఉంటుంది, సీట్ల మీద పాత దుప్పటి వేయండి. పెట్టె బయట ఉండగానే ఆ వాననీటి గొట్టం శుభ్రం చేసి, నేల రేకుకు తుప్పు మందు, రంగు వేయాలి. ఇంకో యాభై ఏళ్ళకు గాని అక్కడికి చెయ్యి పోదు.

కోర్‌ను బాగుచేయించాలా, కొత్తది కొనాలా? పాతది రాగి ఇత్తడిది, ఒక్కచోట లీకైతే టంకం వేసి, నీటిలో ముంచి గాలి పెట్టి పరీక్షించేవాళ్ళు అక్కడ కూడా ఉన్నారు. కొత్తవాటిలో నాణ్యత ఒకేలా లేదు. కొలత ఒక్కటే సరిపోతే చాలదు, రెక్కలు ఎంత దగ్గరగా ఉన్నాయో, మూతులు సరైన చోట ఉన్నాయో చూడాలి. నా మటుకు, ఒకటి రెండు చోట్ల లీకైతే పాతదాన్నే బాగుచేయించమంటాను. చాలా చోట్ల తుప్పు తింటే కొత్తది. జి.డి. నాయుడు గారి ఊరివాళ్ళం కదా, బాగయ్యే వస్తువును పారేయడానికి మాకు మనసొప్పదు. ఏది పెట్టినా పెట్టెలో బిగించే ముందు బయటే నీరు నింపి లీకు చూడాలి. ఫ్యాను బల్ల మీదే తిప్పి చూడాలి. స్పాంజి పట్టీలన్నీ కొత్తవి వేయాలి.

దీనితో పాటే ఇంకో ప్రాణాంతకమైన సందు చూడాలి. ఇంజన్‌కూ కారు లోపలికీ మధ్యనున్న రేకు గోడలో కేబుళ్ళు, తీగలు దూరే రంధ్రాలకు రబ్బరు వాషర్లుంటాయి. అవి ఎండి ఊడిపోతే, పెట్టె కింది ప్యాకింగ్ సరిగా కూర్చోకపోతే, సైలెన్సర్ గొట్టం లీకైన రోజు పొగ నేరుగా లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. చలికాలం అద్దాలన్నీ ఎత్తి ఉంటాయి. హీటర్ వేసినప్పుడు తలనొప్పి, మగత వస్తుంటే కారు ఆపి దిగిపోండి, మళ్ళీ నడిపే ముందు సైలెన్సరు, ఈ రంధ్రాలు చూపించండి.

సిగరెట్ లైటర్‌లో గుచ్చే చిన్న కరెంటు హీటర్ చాలదా అని ఒక సభ్యుడు అడిగారు. చాలదు. అలాంటిది 150 వాట్లదైతే పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. 1967కి ముందటి ఎం.జి.బి. డైనమో గట్టిగా ఇచ్చేదే 22 ఆంపియర్లు. అందులో హెడ్‌లైట్లు, వైపర్లు, ఇగ్నిషన్ నడవాలి. ఇంతా చేసి ఆ 150 వాట్లు అద్దం మూల ఒక అరచేతిమేర విడగొడతాయి. ఇంజన్ ఊరికే పారబోసే వేడి కిలోవాట్లలో ఉంటుంది, దాన్ని వాడుకోవడమే తెలివి.

విడిభాగాలు రావడానికి వారం పట్టేటట్టుంటే, లీకైన కోర్‌ను తప్పించి వాల్వు మూతికీ ఇనుప గొట్టానికీ మధ్య ఒకే హోసు వేసి కారు నడపవచ్చు, ఇంజన్‌కు హాని లేదు. ఆ వారం మాత్రం వాన రోజుల్లో, రాత్రిళ్ళు దాన్ని బయటికి తీయవద్దు. బాగైన తర్వాత వేసవిలో కూడా నెలకోసారి నాబును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ ఉండండి. ఏప్రిల్‌లో మూసి అక్టోబరులో తెరిస్తే వాల్వు మళ్ళీ బిగిసి కూర్చుంటుంది.